తగ్గని నెమ్ము

హైదరాబాదులో ఛాతీ జబ్బుల ఓపీ. డాక్టరు కుర్చీ వెనక నిల్చున్నారు మీరు. ఎదురుగా స్టూలు మీద యాభై దాటిన తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పక్కన కొడుకు, చేతిలో ఎక్స్‌రేల కవరు.

"టీబీ గోలీలు ఒక్కపూట తప్పలే సారూ. రెండు నెలలాయె. దగ్గు తగ్గుతలేదు."

"తెమడ పరీక్షలో ఏమొచ్చింది?"

"ఏం లేదన్నరు. ఎక్స్‌రే చూసి షురూ చేసిన్రు" అంటాడు కొడుకు.

మన దేశంలో టీబీ ఎంత ఉందో తెలిసినవాళ్లెవరూ ఆ మొదలుపెట్టడాన్ని తప్పుపట్టలేరు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కఫంలో నెత్తుటి చార... క్యాన్సర్‌కైనా ఇవే. కానీ మందు పనిచేయనప్పుడు కూడా జబ్బు పేరు మార్చి చూడకపోతే మనిషికి మిగిలిన కాలం కరిగిపోతుంది.

పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే లైట్‌బాక్స్ మీద పక్కపక్కన పెట్టారు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ. టీబీ ఎక్కువగా పైభాగాన పడుతుంది. పైగా ఈపాటికి చిన్నదవ్వాల్సింది, పెరిగింది. డాక్టరు ఆమె వేళ్లు పట్టుకుని చూస్తారు. గోళ్ల దగ్గర కొనలు ఉబ్బి ఉన్నాయి.

"బీడీ, చుట్ట అలవాటుందా అమ్మా?"

"ఎన్నడూ లేదు సారూ."

సీటీలో తెల్లటి మేర మధ్య నల్లగా గాలి గొట్టాలు చెట్టు కొమ్మల్లా విడివడి కనిపిస్తున్నాయి. అచ్చం న్యుమోనియా. మోసం ఇక్కడే ఉంది. అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొన్నిసార్లు కణాలు గాలి గదుల గోడల్ని కూల్చకుండా వాటి మీదే పరుచుకుంటూ పోతాయి. కట్టడం చెదరదు, గాలి ఉండాల్సిన చోటు మాత్రం పూడుకుపోతుంది. బొమ్మ ఎంత బాగున్నా ఈ రెంటినీ తేల్చి చెప్పలేదు. ముక్క తీయాల్సిందే.

బ్రాంకోస్కోపీ గది. ముక్కులోంచి సన్నటి గొట్టం దిగుతోంది. తెర మీద గులాబీరంగు దారులు. ఆమె దగ్గుకు తెర ఊగిపోతుంది, మీరూ ఊపిరి బిగపడతారు. తీసిన ముక్కల్లో కొన్ని ఫార్మలిన్‌లోకి, ఒకటి సెలైన్‌లోకి. సెలైన్‌లోది టీబీ కల్చర్‌కి. అనుమానం ఎటు మొగ్గినా రెండో తలుపు మూయకూడదు.

రిపోర్టు వచ్చింది: అడినోకార్సినోమా. డాక్టరు వెంటనే పాథాలజీకి ఫోన్ చేస్తున్నారు. "ఉన్న ముక్క అంతా వాడేయకండి. ఈజీఎఫ్ఆర్ జన్యు పరీక్షకు కావాలి. పొగ తాగని మనిషి, ఆ జన్యువులో మార్పు దొరికిందంటే మాత్రలతోనే మొదలుపెట్టొచ్చు."