క్వాసార్ల లెక్క – తెలుగునాట దాని పూర్వకథ

చైత్రమాసమున, చంద్రుడు లేని రాత్రి, కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న హాలహర్వి నల్లరేగడి చేలలో నిలిచి నడిరేయి వేళ ఆకాశము చూడుడు. దక్షిణమున చిత్తా నక్షత్రము తెల్లగా వెలుగుచుండును. దానికి వాయవ్యముగా, చేయి చాచి పట్టిన పిడికెళ్ళు రెండింటి దూరమున, నడినెత్తికి చేరువలో ఒక చోటు కలదు. అచ్చట కంటికి ఏమియు కనిపించదు. మంచి దూరదర్శినితో చూచినచో సామాన్య నక్షత్రము వంటి చిన్న చుక్క కనిపించును. మన కంటికి అందు మిక్కిలి మందమైన నక్షత్రము కంటె అది 500 రెట్లకు పైగా మందమైనది. కాని ఆ చుక్క నుండి నేడు మనకు చేరు కాంతి బయలుదేరి సుమారు 200 కోట్ల సంవత్సరములైనది!

దాని పేరు 3 సి 273. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిన మూడవ రేడియో పట్టికలో అది 273వది. మనము గుర్తించిన మొదటి క్వాసారు అదియే. క్వాసారు నక్షత్రము కాదు. అది ఒక దూరపు నక్షత్రవీథి యొక్క నడిబొడ్డు. అచ్చట సూర్యుని కంటె కోట్ల రెట్లు బరువైన కృష్ణబిలము చుట్టునున్న వాయువును లాగుకొనుచుండును. లోపలికి పడు వాయువు సుడి తిరుగుచు కాగి, తన వీథిలోని నక్షత్రములన్నింటి వెలుగును మించి ప్రకాశించును.

నేడు ఇట్టి క్వాసార్లను లక్షలుగా లెక్కించినారు. విశ్వము బాల్యమున ఎట్లుండెనో తెలిసికొనుటకు ఈ లెక్క గొప్ప ఆధారము. ఈ లెక్కకు మూడు పనులు రావలెను. కాంతిని విడదీసి చదువవలెను. ఆకాశమునంతటిని పటము తీసి కొలువవలెను. ఒక్కొక్క వస్తువు ఉన్న చోటును తప్పు లేకుండ నిర్ణయింపవలెను. క్వాసారు అను మాట పుట్టక ముందే ఈ మూడు పనులును తెలుగునేలపై జరిగెను.

గుంటూరులో గీతలు

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరము మీదుగా సాగెను. దానిని పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ ఓడపై వచ్చి, పత్తి వ్యాపారమునకు పేరుపడిన గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరములను నిలిపెను. సూర్యబింబము మరుగుపడగానే దాని అంచున లేచిన జ్వాలల కాంతిని వర్ణపటముగా విడదీసి చూచెను. అందు కాంతివంతమైన గీతలు కనిపించెను. వానిలో ఉదజని గీతలు ఉండెను. ఆ జ్వాలలు మండు వాయురాశులని తేలెను. మరునాడు గ్రహణము లేకయే ఆ గీతలను అతడు మరల చూడగలిగెను.

ప్రతి మూలకమునకు తనవైన గీతలు కలవు. మనుష్యుని వ్రేలిముద్ర వలె అవి మూలకమును పట్టి ఇచ్చును. గీతల నడుమ ఎడములకు ఒక నిర్ణీతమైన నిష్పత్తి ఉండును. దూరపు వస్తువు నుండి కాంతి వచ్చుచుండగా విశ్వము వ్యాకోచించినచో, గీతలన్నియు ఒకే నిష్పత్తిలో ఎరుపు వైపునకు జరుగును. ఎంత జరిగినవో కొలిచినచో ఆ వస్తువు దూరమును, ఆ కాంతి బయలుదేరిన కాలమును లెక్క కట్టవచ్చును.

బేగంపేటలో ఫలకములు

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక బృహత్కార్యమునకు పూనుకొనిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి అనేక దేశముల వేధశాలలకు పంచి, ఛాయాచిత్ర ఫలకములపై నక్షత్రముల స్థానములను కొలుచుట వారి సంకల్పము. దక్షిణ అమెరికాలోని సాంటియాగో వేధశాలకు ముందు కేటాయించిన దక్షిణ క్రాంతి 17 – 23 డిగ్రీల పట్టీ చివరకు హైదరాబాదు వంతునకు వచ్చెను. లుబ్ధక నక్షత్రమునకు కొంచెము దిగువ నుండి ఈ పట్టీ మొదలగును.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ తన స్వంత ధనముతో 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరము ప్రభుత్వము చేతికి వచ్చి బేగంపేటకు మారెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమైనది. చాట్‌వుడ్, పోకాక్, వారి తరువాత టి.పి. భాస్కరన్ దానికి అధ్యక్షులైరి. 1914 నుండి 1929 వరకు ఆ పట్టీకి 1260 ఫలకములు తీసిరి. పిమ్మట జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయని ఉత్తర క్రాంతి 36 – 39 డిగ్రీల భాగమును గూడ కైకొని, 1928 – 1938 నడుమ మరి 592 ఫలకములు తీసిరి.

ఫలకము తీయుట సులభమైన భాగము. ప్రతి ఫలకముపై సన్నని గీతల గడులు ముద్రించి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, ఒక్కొక్క చుక్క ఏ గడిలో ఎచ్చట ఉన్నదో చూచి వ్రాయవలెను. ఇట్లు ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు 12 సంపుటములలో అచ్చయినవి. ఆ అంకెలలో ఏ వింతయు లేదు. ఈ చాకిరి వేధశాలలను కొత్త శాస్త్రమునకు దూరము చేసినదని ఐరోపాలో విమర్శ బయలుదేరెను. ఆ విమర్శ నిజమా, కాదా అను ప్రశ్నకు చివర వత్తము.

చంద్రుడు చేసిన సాయము

చంద్రునిపై గాలి లేదు. కావున చంద్రుడు ఒక నక్షత్రమునకు అడ్డు వచ్చినపుడు, దీపము ఆర్పినట్లు అది క్షణములో మాయమగును. ఆ క్షణమును గడియారముతో గుర్తించుట నిజామియా వేధశాలలో ఏండ్ల తరబడి సాగిన పని. నక్షత్రము చోటు ముందే తెలియును గనుక, దాని వలన చంద్రుని గమనమును సరిచూచుకొనుచుండిరి.

ఇదే ఉపాయమును తిరుగవేసినచో మరియొక ఫలము కలుగును. చంద్రుని చోటు తెలిసినపుడు, మరుగుపడిన వస్తువు చోటును నిర్ణయింపవచ్చును. 1960 ప్రాంతమున రేడియో దూరదర్శినుల చూపు మసకగా ఉండెను. రేడియో తరంగములు ఏ చుక్క నుండి వచ్చుచున్నవో చెప్పుట కష్టము. 1962 ఆగస్టు 5న చంద్రుడు 3 సి 273కు అడ్డు వచ్చెను. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో హజార్డు, అతని సహచరులు ఆ క్షణములను పట్టి, దాని చోటును ఖచ్చితముగా నిర్ణయించిరి. అచ్చట ఒక నీలి చుక్క కలదు. అమెరికాలోని పాలొమార్ కొండపై 200 అంగుళముల దూరదర్శినితో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటము తీసెను. మొదట ఆ గీతలు ఏ మూలకమునకును సరిపడలేదు. 1963 ఫిబ్రవరిలో ఆయనకు మర్మము తెలిసినది. అవి ఉదజని గీతలే! నూటికి సుమారు 16 వంతున ఎరుపు వైపునకు జరిగి ఉన్నవి. 95 ఏండ్ల క్రిందట గుంటూరులో సూర్యుని అంచున కనిపించిన ఉదజనియే ఇచ్చటను పలికెను.

ఇంకొక విశేషము. హార్వర్డు వేధశాల పాత ఫలకములను వెదకగా, 1887 నుండియు ఆ చుక్క వానిపై ఉండెను. అందరును దానిని నక్షత్రమనుకొని దాటిపోయిరి. ఆ పాత ఫలకములే దాని కాంతి హెచ్చుతగ్గులను చూపెను. కొలది కాలములో కాంతి మారు వస్తువు, ఆ కాలములో వెలుగు ప్రయాణించు దూరము కంటె ఎంతో పెద్దది కాజాలదు. అంత తేజస్సు అంత చిన్న చోటు నుండి వచ్చుచున్నదని గ్రహించుటకు ఇది తోడ్పడెను.

లెక్క చెప్పిన చరిత్ర

ఒక్క క్వాసారు వింత. వేల క్వాసార్లు చరిత్ర. 1968లో ష్మిట్ వానిని దూరములను బట్టి లెక్కించి, పూర్వకాలమున అవి ఇప్పటి కంటె ఎంతో దట్టముగా ఉండెనని చూపెను. విశ్వము ఎల్లప్పుడు ఒకే తీరున ఉండునను సిద్ధాంతమునకు ఇది పెద్ద దెబ్బ. మన దేశమునను ఇట్టి సాక్ష్యము లభించెను. గోవింద స్వరూప్ నాయకత్వమున ఊటీలో 1970లో పని ప్రారంభించిన రేడియో దూరదర్శిని 530 మీటర్ల పొడవు గలది. దానిని అచ్చటి అక్షాంశమునకు సరిపోవు 11 డిగ్రీల కొండవాలుపై నిలిపినందున, ఒక్క ఇరుసుపై త్రిప్పినంతనే అది వస్తువును వెంబడించును. చంద్రుడు కప్పు వేళలనే పట్టుకొని అది వందల రేడియో జన్మస్థానముల కొలతలు తీసెను. దూరపువి దగ్గరివాని వలె లేవని, విశ్వము కాలముతో మారినదని 1975లో స్వరూప్, కపాహి చూపిరి.

2000లో అమెరికాలో ఆరంభమైన స్లోన్ ఆకాశ పరిశీలన మొదట ఆకాశమును రంగు గాజుల గుండా పటము తీసి, అనుమానించిన చుక్కలకు తరువాత వర్ణపటము తీసెను. 2020లో దాని పట్టికలో 7,50,414 క్వాసార్లు ఉండెను. బేగంపేటలో చేతితో కొలిచిన నక్షత్రముల సంఖ్యయు ఇంచుమించు అంతయే! 1380 కోట్ల ఏండ్ల వయస్సు గల విశ్వములో, సుమారు 1000 కోట్ల ఏండ్ల క్రిందట క్వాసార్లు మిక్కుటముగా ఉండెనని ఇట్టి పట్టికలు తెలుపుచున్నవి. 2001లో పరీక్షించిన ఒక దూరపు క్వాసారు కాంతిలో కొంత భాగమును తటస్థ ఉదజని పూర్తిగా మ్రింగియుండెను. విశ్వమునకు 90 కోట్ల ఏండ్లు నిండు నాటికి తొలి వెలుగులు ఆ ఉదజని పొగమంచును విడగొట్టు పని ముగింపునకు వచ్చుచుండెనని దీని భావము. 2021లో ప్రకటించిన మరియొక క్వాసారు, విశ్వము పుట్టిన 67 కోట్ల ఏండ్లకే 160 కోట్ల సూర్యుల బరువు గల కృష్ణబిలమును చూపెను. అంత స్వల్పకాలమున అది అంతగా ఎట్లు పెరిగెనో నేటికిని చిక్కు ప్రశ్నయే.

ఇక బేగంపేట ఫలకముల మాట. 3 సి 273 ఆ పట్టీలలో లేదు. కాని ఆ శ్రమ వృథా కాలేదు. 2000లో ఐరోపా ఉపగ్రహపు కొలతలతో టైకో–2 పట్టికను కూర్చినపుడు, నక్షత్రములు ఎంత కదలినవో తెలియుటకు పాత స్థానములు కావలసి వచ్చెను. నాటి ఫలకముల కొలతలు, హైదరాబాదువి గూడ, అందు చేరెను. పోయిన రాత్రి ఆకాశమును ఏ యంత్రమును తిరిగి పటము తీయలేదు. నాడు వ్రాసి ఉంచినవారే దానిని మనకు ఇయ్యగలరు.

హాలహర్వి చేలపై చిత్త నేటికిని లేచుచున్నది. దాని ప్రక్కన కంటికి కనబడని ఆ చోటును, చదువుకొను పిల్లలకు ఒక్కసారి వ్రేలితో చూపుడు.