క్లౌడ్ కంప్యూటర్‌లో రెండరింగ్: కోర్లు పెంచితే పని త్వరగా అవుతుందా?

మన పిల్లల్లో కొందరు బ్లెండర్‌లో చిన్న యానిమేషన్లు చేస్తున్నారు. బొమ్మను కదిలించేవరకు ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు, రెండరింగ్ దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తుంది. వస్తువులు, వెలుగు, నీడ అన్నీ లెక్కగట్టి ఒక్కో ఫ్రేమును బొమ్మగా తయారుచేయడమే రెండరింగ్. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 30 సెకన్ల చిత్రానికి 720 బొమ్మలు కావాలి. అందుకే గంటల లెక్కన అద్దెకు దొరికే క్లౌడ్ కంప్యూటర్ కావాలంటారు పిల్లలు. డబ్బు కట్టేది అమ్మానాన్నలు కాబట్టి ఈ లెక్క ఇద్దరూ చూడాలి.

ఒక ఫ్రేముకు ఒకే కోరు మీద 10 నిమిషాలు పడుతుందనుకుందాం. అందులో 1 నిమిషం దృశ్యాన్ని సిద్ధం చేసే పని; దాన్ని కోర్లు పంచుకోలేవనుకోండి. మిగతా 9 నిమిషాల పని పంచుకోవచ్చు. 8 కోర్లుంటే ఫ్రేముకు సుమారు 2 నిమిషాల 8 సెకన్లు. 64 కోర్లుంటే 1 నిమిషం 8 సెకన్లు. కోర్లు 8 రెట్లయినా వేగం రెండింతలు కూడా కాలేదు! పెళ్లివంటకు ఎంతమంది వచ్చినా ఎసరు మరిగేదాకా ఆగాల్సిందే కదా. దీన్నే ఆమ్డాల్ సూత్రం అంటారు. జీన్ ఆమ్డాల్ ఈ వాదన 1967లో వినిపించారు.

మరి దారి? ఏ ఫ్రేముకా ఫ్రేము విడి పని. 64 కోర్ల యంత్రం ఒకటి బదులు 8 కోర్లవి ఎనిమిది తీసుకుని తలా 90 ఫ్రేములు ఇవ్వండి. మొదటి పద్ధతిలో 13 గంటల 41 నిమిషాలు, రెండో పద్ధతిలో 3 గంటల 11 నిమిషాలు. 1995లో ‘టాయ్ స్టోరీ’ని కూడా 117 కంప్యూటర్లకు పంచే రెండర్ చేశారు. కాకపోతే ప్రతి యంత్రంలోనూ దృశ్యం మొత్తం పట్టేంత మెమరీ ఉండాలి. లేకపోతే పని మధ్యలో ఆగిపోతుంది.

అద్దె పట్టీలో ‘8 వీసీపీయూ’ అని ఉంటే 8 కోర్లనుకోకండి. చాలా యంత్రాల్లో రెండు వీసీపీయూలు కలిస్తేనే ఒక కోరు.

ఫలితాన్ని నేరుగా వీడియోగా కాక, ఒక్కో ఫ్రేమును పీఎన్‌జీ బొమ్మగా దాచుకోవాలి. చవకగా దొరికే స్పాట్ యంత్రాన్ని కంపెనీ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు అయిపోయిన ఫ్రేములైనా మిగులుతాయి. పని అయ్యాక యంత్రాన్ని ఆపితే సరిపోదు, డిస్కును కూడా తొలగించాలి. ఆపిన యంత్రం డిస్కుకూ బిల్లు వస్తూనే ఉంటుంది.