దుగ్గా
ఉత్తర ట్యునీషియాలో టెబుర్సుక్ దగ్గర, సుమారు 570 మీటర్ల ఎత్తున కొండమీద ఉన్న ప్రాచీన నగర శిథిలాలు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. నుమిడియన్ల ఊరిమీదే రోమన్ నగరం పెరిగింది. అందుకే వీధులు రోమన్ల అలవాటు ప్రకారం గళ్లుగా సాగక, కొండవాలును బట్టి వంకర్లు తిరుగుతాయి. క్రీ.శ. 168-69లో కట్టిన నాటకశాలలో సుమారు 3,500 మంది పట్టేవారు. దాని పైమెట్లు ఎక్కితే లోయలోని ఆలివ్ తోటలు, పంటచేలు కనిపిస్తాయి. ఇక్కడికి రావడానికి ఆ ఒక్క దృశ్యం చాలు. 21 మీటర్ల సమాధి గోపురం రోమన్ల పాలనకంటే పాతది. దాని లిబియన్-ప్యూనిక్ ద్విభాషా శాసనం కోసం 1842లో బ్రిటిష్ కాన్సల్ థామస్ రీడ్ కట్టడాన్నే విప్పించాడు. శాసనం బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. గోపురాన్ని 1908-10లో ఫ్రెంచివారు తిరిగి నిలబెట్టారు. నీడ తక్కువ కాబట్టి వేసవికన్నా వసంతంలో చూడటం మేలు.