నలాక్సోన్

నలాక్సోన్ అనేది ఓపియాయిడ్ మందుల మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషికి ఇచ్చే విరుగుడు మందు. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్, దాని నుంచి చేసే హెరాయిన్, కృత్రిమంగా తయారయ్యే ఫెంటానిల్, ట్రామడాల్ ఓపియాయిడ్ల కోవలోవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నలాక్సోన్‌ను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

పనిచేసే తీరు

ఓపియాయిడ్లు మెదడులోని మ్యూ గ్రాహకాలకు అతుక్కుని నొప్పి తెలియకుండా చేస్తాయి. మోతాదు మించితే శ్వాసను నడిపే కేంద్రం కూడా మందగిస్తుంది. ప్రాణం పోయేది ముఖ్యంగా అందువల్లే. నలాక్సోన్ ఓపియాయిడ్‌ను పక్కకు నెట్టి ఆ చోటును ఆక్రమిస్తుంది, తాను మాత్రం మత్తు కలిగించదు. నరానికి ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లోనే గుణం కనిపిస్తుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేనివారికి దీనివల్ల పెద్దగా హాని ఉండదు కాబట్టి, అనుమానం ఉన్నా ఇవ్వడమే మేలు. మద్యం, నిద్రమాత్రల మత్తుకు ఇది పనిచేయదు.

వాడే విధానం

పిలిచినా తట్టినా పలకకపోవడం, గురకలాంటి శ్వాస, సూదిమొనంత కుంచించుకుపోయిన కంటిపాపలు, నీలం తిరిగిన పెదవులు, గోళ్లు ప్రమాద సూచనలు. వెంటనే అంబులెన్సు పిలవాలి. మన దగ్గర 108. నలాక్సోన్ ముక్కు స్ప్రే అందుబాటులో ఉంటే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి ఆనించి తల వెనక్కి వంచాలి. స్ప్రే కొసను ఒక ముక్కురంధ్రంలో పెట్టి మీటను పూర్తిగా నొక్కాలి. రెండు మూడు నిమిషాల్లో చలనం లేకపోతే మరో స్ప్రేను రెండో రంధ్రంలో కొట్టాలి. ఊపిరి కుదుటపడ్డాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

మందు ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. మెథడోన్ వంటి ఓపియాయిడ్లు అంతకన్నా చాలాసేపు ఒంట్లో ఉంటాయి. లేచి కూర్చున్న మనిషికి మళ్లీ శ్వాస మందగించవచ్చు కనుక ఆసుపత్రికి తీసుకెళ్లి తీరాలి. ఓపియాయిడ్లకు అలవాటు పడినవారికి తెలివి రాగానే వాంతులు, చెమటలు, ఆందోళన కలుగుతాయి, ఒంటరిగా వదలకూడదు.

చరిత్ర

జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ 1961లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. అమెరికాలో 1971లో అనుమతి లభించింది. 1996లో షికాగో రికవరీ అలయన్స్ మత్తుమందులు వాడేవారికే దీన్ని నేరుగా అందించడం మొదలుపెట్టింది. ముక్కు స్ప్రేకు 2015లో, డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి 2023లో అక్కడ అనుమతులొచ్చాయి.

భారతదేశంలో

ఇక్కడ నలాక్సోన్ ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలో ఆసుపత్రుల్లోనే కనిపిస్తుంది. ఆపరేషన్ సమయంలో ఇచ్చిన మార్ఫిన్ ప్రభావం ఎక్కువై శ్వాస మందగిస్తే మత్తు డాక్టర్లు దీన్ని వాడతారు. అయితే ఊపిరి ఆగిన కొద్ది నిమిషాలకే మెదడు దెబ్బతింటుంది, ఆ సమయంలో పక్కన ఉండేది సాధారణంగా ఇంటివారో స్నేహితులో. అందుకే అలాంటివారి చేతికి ఈ మందు అందాలని, వాడకం నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సిఫారసు చేసింది.