మంచినీటి చేపల బద్దెపురుగులు: వర్గీకరణ చరిత్ర

మంచినీటి చేపల పేగుల్లోనూ, కొన్నిసార్లు పొట్టకుహరంలోనూ బతికే చదునైన పరాన్నజీవులు బద్దెపురుగులు. వీటికి నోరు లేదు, పేగు లేదు. ఆహారాన్ని ఒంటి పైపొరతోనే పీల్చుకుంటాయి. పోల్చుకోవడానికి మిగిలేవి ముఖ్యంగా రెండు: చేప పేగును పట్టుకునే తల, ఒంట్లో కిక్కిరిసి ఉండే జననాంగాలు. ఈ రెంటిలో దేన్ని ఎంత నమ్మాలన్న వాదమే చాలాకాలం వర్గీకరణను నడిపింది.

తొలి పేర్లు 18వ శతాబ్దపు ఐరోపాలో పుట్టాయి. 1781లో పల్లాస్ వర్ణించిన ఒక పురుగు తల అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. అది తర్వాత కారియోఫిల్లేయస్ ప్రజాతిలో చేరింది. లవంగానికి ఉన్న పాత గ్రీకు పేరే దీనికి మూలం. బెర్లిన్ వైద్యుడు బ్లోక్ 1782లో పేగు పురుగుల పుట్టుక మీద గ్రంథం ప్రచురించాడు. 1790లో అబిల్డ్‌గార్డ్ ప్రయోగ ఫలితం వెలువడింది. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలను పురుగులతో సహా బాతులకు మేపితే, ఆ పురుగులు బాతుల్లో పెద్దవయ్యాయి. చేపలో ఒకటి, పక్షిలో మరొకటి అనుకున్నవి ఒకే జీవి దశలు కావచ్చని తెలిసింది. ఆ కాలపు ప్రయోగాల్లో ఇంత సూటిగా జవాబు చెప్పినది అరుదు.

1808లో రుడాల్ఫీ వీటన్నిటినీ సెస్టాయిడియా అనే పేరు కిందికి తెచ్చాడు. 1863 నాటికి కారస్ గ్రంథంలో గణాలు రూపుకట్టాయి. తల మీద రెండు గాడులున్నవి సూడోఫిల్లిడియా అయ్యాయి. నాలుగు చూషకాలున్న ప్రోటియోసెఫాలస్ బంధువులను లా రూ 1914లో సవివరంగా పునఃపరిశీలించాడు.

చిక్కు తెచ్చినవి కారియోఫిల్లేయస్, దాని బంధువులు ఉన్న కారియోఫిల్లిడియా. బద్దెపురుగు అంటే ఖండితాల గొలుసు, ఒక్కో ఖండితంలో ఒక్కో జననాంగాల జత. వీటికేమో ఒళ్లంతా ఒకటే ముక్క, ఒకటే జత. ఇవి ఎదగకుండానే గుడ్లు పెట్టే డింభకాలని కొందరన్నారు. వుడ్‌లాండ్ 1923లో వీటిని ఖండితాలు లేని పురుగుల వర్గమైన సెస్టొడేరియాతో కలిపాడు. ఇప్పుడు వీటిది నికరమైన ప్రత్యేక గణం.

తలను నమ్మి కట్టిన సూడోఫిల్లిడియా మాత్రం నిలవలేదు. కుచ్తా, షోల్జ్ బృందం 2008లో దాన్ని రద్దుచేసి రెండు గణాలుగా విడదీసింది. పెద్దవయ్యాక ఎక్కువగా చేపల్లోనే ఉండేవి బోత్రియోసెఫాలిడియా. చేపలో డింభకంగా ఉండి పక్షుల్లో, క్షీరదాల్లో పెద్దవయ్యేవి డైఫిల్లోబోత్రిడియా. జననరంధ్రం ఎక్కడుందో చూసినా, జన్యువులు పోల్చినా ఇవి దగ్గరి చుట్టాలు కావు. తల మీది గాడులు రెండు వంశాల్లో విడివిడిగా వచ్చాయి.

చేపల పెంపకందార్లకు బాగా తెలిసిన ఆసియా బద్దెపురుగు కథ ఇంకా పొడవు. యమగుతి 1934లో జపాన్‌లో దాన్ని బోత్రియోసెఫాలస్ ఎకీలోగ్నాతీ అన్నాడు. 1955లో చైనా గడ్డిచేపలోని పురుగుకు యే అనే శాస్త్రవేత్త వేరే పేరు పెట్టాడు. గడ్డిచేపలతో పాటు అది దేశాలు దాటి, 200కు పైగా చేప జాతులకు సోకింది. రెండు పేర్లూ ఒకే పురుగువని 1985లో పూల్, చబ్ చూపారు. 2015లో జన్యు పరిశీలన దాన్ని షైజోకొటైల్ ప్రజాతికి మార్చింది. దాని దగ్గరి బంధువు భారతదేశపు చేపలో దొరికిన జాతి.

భారతదేశంలో వుడ్‌లాండ్ గంగానది పేరు మీద గాంజీసియా ప్రజాతిని 1924లో స్థాపించాడు. అది వాలుగ చేపలో ఉంటుంది. సౌత్‌వెల్ 1930లో బ్రిటిష్ ఇండియా బద్దెపురుగుల మీద రెండు సంపుటాలు వెలువరించాడు. తర్వాతి దశాబ్దాల్లో కొత్త జాతులు పుట్టగొడుగుల్లా లేచాయి. కారణం విచారకరమైనది. చేప చచ్చాక పురుగు ఒళ్లు త్వరగా చెడిపోతుంది. ముడుచుకుంటుంది, నలుగుతుంది, తల ఆకారం మారుతుంది. ఆ మార్పులనే లక్షణాలుగా రాసుకున్నారు. మార్పు అనే చేపలోని కారియోఫిల్లిడియాకు యాభైకి పైగా పేర్లుండేవి. భారత, చెక్ పరిశోధకులు 2011లో తాజా నమూనాలతో సరిచూస్తే ఎనిమిది జాతులే నిలిచాయి. మోఘే 1925లో వర్ణించిన లైటోసెస్టస్ ఇండికస్ అందులో ఒకటి. కొర్రమీను, బొమ్మిడాయిలలో ఉండే సెంగా ప్రజాతికీ ఇదే సమస్య ఉంది.

అందుకే ఇప్పుడు పురుగును బతికుండగానే తీసి, ఉప్పునీటిలో కడిగి, వేడి ఫార్మాలిన్‌లో వేస్తారు. ముడుచుకునే లోపే అది సాగిన ఆకారంలో గట్టిపడుతుంది. జన్యు పరీక్షకు ఒళ్లో ఒక ముక్క ముందే కోసి ఆల్కహాలులో ఉంచుతారు. మిగతా ఒంటికి రంగు పట్టించి స్లైడు మీద భద్రపరుస్తారు.