నాలుగు జీవితముల దూరము

అమెరికా దేశములో అంతర్యుద్ధము 1865లో ముగిసినది. ఆ యుద్ధమున పాల్గొన్న ఒక సైనికుని పేరిట ప్రభుత్వము చెల్లించుచుండిన పింఛను మాత్రము 2020 మే నెల వరకు ఆగలేదు. ఇందులో మాయ ఏమియు లేదు. మోజ్ ట్రిప్లెట్ అను ఆ సైనికునికి ఎనుబది మూడవ యేట ఒక కుమార్తె కలిగినది. ఐరీన్ అను ఆ కుమార్తె తొంబది ఏండ్లు జీవించినది. తండ్రి పేరిట నెలకు 73 డాలర్ల చిల్లర అందుకొనుచు ఆమె కన్నుమూసిన నాడు, నూట యేబది అయిదేండ్ల క్రిందటి యుద్ధమునకు సంబంధించిన కడపటి పద్దు మూతపడినది. అంత కాలమును దాటుటకు తండ్రీ బిడ్డల జీవితములు రెండే చాలినవి.

ఈ లెక్కను ఇంటికి తెచ్చుకొని, మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో వేసి చూతము.

మల్లు స్వరాజ్యం గారు 1931లో నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెములో ఒక భూస్వామి ఇంట జన్మించినారు. ఆంధ్ర మహాసభ పిలుపు విని, బాల్యముననే తమ ఇంటి కట్టుబాటును కాదని వెట్టివారికి గింజలు పంచిపెట్టినారు. తెలంగాణ సాయుధ పోరాటములో తుపాకి పట్టి దళమును నడపినారు. రాజక్క అను మారుపేరుతో తిరిగినారు. ఆమెను పట్టి ఇచ్చినవారికి 10,000 రూపాయల బహుమానము ప్రకటింపబడినది. 2022 మార్చి 19న ఆమె మరణించినారు. అనగా, నేడు పాఠశాలకు పోవు పిల్లలలో ఆమె మాటను చెవులార విన్నవారు ఉన్నారు.

ఇప్పుడు వెనుకకు పోవుదము. ఆమె పదేండ్ల పిల్లగా ఉన్న 1941లో ఆ ఊరి అరుగు మీద ఎనుబది ఏండ్ల ముదుసలి ఒకరు కూర్చుండి ఉండిరనుకొందము. ఆ ముదుసలి పుట్టుక 1861. ఆయనకు పదేండ్ల ప్రాయమున కథలు చెప్పిన ఎనుబది ఏండ్ల తాత పుట్టుక 1791. ఆ తాతకు బాల్యమున కథలు చెప్పిన అవ్వ పుట్టుక 1721. ఆ కాలపు పల్లెలలో ఎనుబది ఏండ్లు బ్రతుకుట అరుదే. అయినను ఊరికొకరో ఇద్దరో అట్టివారు ఉండకపోలేదు. ఈ నాలుగు జీవితములను వరుసగా పేర్చినచో, కడపటి అవ్వను కన్న తల్లిదండ్రులు సర్వాయి పాపన్నను కండ్లార చూచిన తరమువారగుదురు.

పాపన్న గీత వృత్తివారి బిడ్డ. జనగామ ప్రాంతపు ఖిలాషాపురమున కోట కట్టి, ఔరంగజేబు చనిపోయి మొగలు అధికారము సడలుచున్న దినములలో, 1708లో ఓరుగల్లును, 1709లో భువనగిరిని కొల్లగొట్టినాడు. 1710లో హతుడైనాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ తన పారశీక గ్రంథములో అతనిని దోపిడీదారుగా వ్రాసినాడు. పల్లె గాయకులు అతనిని వీరునిగా పాడినారు. బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో ఆ పాటను గూర్చి ప్రకటించునాటికి పాపన్న పోయి నూట అరువది నాలుగేండ్లయినను, అది జనుల నోట బ్రతికియే ఉన్నది.

భువనగిరి మీదుగా రైలులో పోయినవారందరికిని ఆ ఏకశిలా దుర్గము పరిచితమే. 1709లో పాపన్న మనుష్యులు వచ్చి పడినది ఆ గుట్ట నీడనున్న ఊరి మీదనే. 1944లో ఆంధ్ర మహాసభ పదునొకండవ మహాసభ, రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన, జరిగినది ఆ ఊరిలోనే. అటుపిమ్మట మహాసభ సంఘములు ఊరూరా వెలసినవి. సభ్యత్వపు చీటీ ఇచ్చుటవలన జనులు వానిని ‘చిట్టి సంఘము’లన్నారు. 1946 జూలై 4న, ఆనాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో, కడవెండి గ్రామమున దేశ్‌ముఖు గడి నుండి వచ్చిన కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. ఖిలాషాపురపు కోట ఉన్నదియు ఆ జనగామ సీమలోనే. రెండు వందల ముప్పది ఆరేండ్ల యెడముతో నడచిన రెండు కథలకు ఆధారమైన నేల ఒక్కటే.

మేము ఇక్కడ పాపన్నయు కొమరయ్యయు ఒక్కటే అనుట లేదు. ఒకడు కోట కట్టి పట్టణములను కొల్లగొట్టినవాడు. ఒకడు వెట్టి వద్దని ఊరేగింపులో నడచిన రైతుబిడ్డ. వారిని కలిపినది ఊరి జ్ఞాపకము. దొరకు ఎదురు తిరుగుట ఇంతకు ముందు జరిగినదని, తిరిగినవాడు చచ్చినను అతని పాట చావలేదని, ఊరి పిల్లలకు అరుగు మీది మాటల వలననే తెలిసినది.

ఈ గొలుసులో నడిమి కడియము పాలమూరు సీమలో దొరకును. పందొమ్మిదవ శతాబ్దములో పండుగల సాయన్న అనువాడు ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టి, కడకు ప్రాణము పోగొట్టుకొన్నాడని అక్కడి కథ. పైన మనము ఊహించిన 1861 నాటి ముదుసలికి ఇది తన నాటి వార్తయే. ఆ కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడుచు వచ్చిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. వారిది పూర్వపు మహబూబునగరము జిల్లా నుండి విడివడిన నాగర్‌కర్నూలు జిల్లా. ఎక్కడను వ్రాసి పెట్టుకొనక, తండ్రి నోటి నుండి కొడుకు నోటికి వచ్చిన విద్య అది.

పాట ఒక్కటియే కాదు, పనిముట్టు కూడ ఇట్టి గొలుసులో కడియమే. జొన్నచేలలో మంచె మీద నిలిచి పిట్టలను తోలుటకు వాడు వడిసెల, గడీల మనుష్యులను తరుముటకు కూడ అక్కరకు వచ్చినది. చేతి కర్రను నల్లగొండవారు గుత్ప అందురు. ఆ గుత్పలే సంఘపు వలంటీర్ల తొలి ఆయుధములు. తుపాకులు తరువాత వచ్చినవి. ధ్వనిముద్రణకై మేము ఊళ్లకు పోయినప్పుడు ఒక పెద్దాయన, మాటలతో చెప్పి చెప్పి విసిగి, భుజము మీది తువ్వాలను మడచి, అందులో రాయి పెట్టి, వడిసెల త్రిప్పు విధము చూపినాడు. తొంబది దాటిన ఆ చేయి అప్పటికిని గురి మరువలేదు. యంత్రములో పడినది మాత్రము తువ్వాలు గాలిని కోసిన చప్పుడు ఒక్కటే. ఇది మా తాత నేర్పినాడు, ఆయనకు ఆయన తాత నేర్పినాడు అని అన్నాడు. చరిత్ర పుస్తకములో ఆ ఇద్దరు తాతల ప్రసక్తి ఉండదు.

జ్ఞాపకమును గ్రుడ్డిగా నమ్మవలెనా అని శ్రోతలు అడుగవచ్చును. నమ్మరాదు. ముదుసలులు సంవత్సరములు తప్పుదురు. జొన్న పాలు పట్టు వేళ, చెరువు అలుగు పారిన యేడు, అని కాలము చెప్పుదురు. ఇతరుని సాహసమును తమదిగా, తమ భయమును ఇతరునిదిగా చెప్పుటయు కలదు. సైన్యము 1948 సెప్టెంబరు 13న కదలినదని, 17న నిజాము ప్రభుత్వము లొంగినదని, పోరాట విరమణ 1951 అక్టోబరు 21న ప్రకటింపబడినదని వ్రాతలే చెప్పవలెను. సుమారు 3,000 గ్రామములు, 10 లక్షల ఎకరములు, 4,000 మరణములు అను లెక్కలు పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో వెలువరించిన గ్రంథములో ఉన్నవి. అవి ఆ పోరాటమును నడిపినవారి లెక్కలు. అందుచేత వానిని కూడ తక్కిన ఆధారముల సరసనుంచి తూచవలెను.

అయినను, వ్రాతలో దొరకనిది నోటి మాటలో దొరకును. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అందుకు నిదర్శనము. పోరాటములో పాల్గొన్న స్త్రీలను మూడు నాలుగు దశాబ్దముల తరువాత కూర్చుండబెట్టి అడుగగా, ఏ రికార్డులోను లేని సంగతులు వెలికి వచ్చినవి: పసిబిడ్డను ఎవరి చేతిలో పెట్టి అడవికి పోయినది, దళములో వంట ఎవరు చేసినది, తుపాకి దించి ఇంటికి మరలిన నాడు ఎట్టి ఆదరణ, ఎట్టి నిరాదరణ ఎదురైనది. ఎవరో పోయి అడిగినందుననే అవి మిగిలినవి. పాలకుర్తి చాకలి ఐలమ్మ, తన చేని పంటను దేశ్‌ముఖు మనుష్యుల పాలు కానీయక నిలిచిన ధీర, 1985 సెప్టెంబరులో కన్నుమూసినది. ఆమెను అడుగవలసిన ప్రశ్నలు ఎన్ని మిగిలిపోయినవో!

మా వృత్తిలోని ఒక తప్పును కూడ ఇక్కడ ఒప్పుకొనవలెను. టేపులు కొరతగా ఉండిన కాలములో, ప్రసారము ముగిసిన గొంతులను తుడిచి, ఆ టేపు మీదనే క్రొత్త కార్యక్రమమును ముద్రించు అలవాటు రేడియో కేంద్రములలో ఉండెడిది. అట్లు ఎందరి మాట పోయినదో లెక్క లేదు. నాలుగు జీవితముల గొలుసు మూడు వందల ఏండ్లు నిలిచినది. దానిని తెంచుటకు ఒక మధ్యాహ్నపు పని చాలినది.

1946లో గుత్ప పట్టిన ఇరువది ఏండ్ల యువకుడు నేటికి బ్రతికి ఉండిన నూరేండ్లకు చేరువ యగును. అట్టివారు ఇక బహు కొద్దిమంది. కాని ఆనాటి పిల్లలు, దళములకు అన్నపు మూట మోసినవారు, గడ్డివాములో దాగినవారిని చూచియు చూడనట్లు నటించినవారు, అప్పంపల్లి కాల్పుల వార్తను 1947లో తల్లి ఒడిలో విన్నవారు, ఇంకను మన ఇండ్లలో ఉన్నారు. ఎనుబది దాటిన ఆ అవ్వలు, తాతలు ఈ ప్రసంగమును మీ పక్కనే కూర్చుండి వినుచు ఉండవచ్చును.

ప్రసంగము ముగిసిన తరువాత రేడియో కట్టివేసి, వారిని ఒక్క మాట అడుగుడు. పోరాటము గూర్చి చెప్పుమని అడిగినచో, మాకేమి తెలియును నాయనా అందురు. అట్లు గాక, నీ చిన్ననాడు మీ ఇంట అందరికంటె పెద్దవారు ఎవరు, వారు నీకు ఏమి చెప్పెడివారు అని అడుగుడు. చెప్పినది చెప్పినట్లు, తప్పు దిద్దక, వ్రాసి పెట్టుడు. చేత యంత్రము ఉన్నచో గొంతునే పదిలపరచుడు. తేదీలను తరువాత సరిచూచుకొనవచ్చును. పక్కన పదేండ్ల పిల్లవానిని కూర్చుండబెట్టుట మాత్రము మరువకుడు. వాడు 2095 వరకు బ్రతుకవచ్చును.