దృశ్యవైభవం, కథాబంధం: తెలుగు కౌబాయ్ చిత్రాలు

పాలంపేటలో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయంలో శిల్పం రెండు విధాలుగా పలుకుతుంది. చూరు కింద నల్లరాతి మదనికలు కేవలం భంగిమతో ఆకట్టుకుంటాయి. లోపలి దూలాలపై క్షీరసాగర మథనం వంటి ఘట్టాలు పురాణ పరిచయం గల ప్రేక్షకునికే పూర్తిగా బోధపడతాయి. అక్కడ కథను శిల్పి చెప్పడు. చూపరి వెంట తెచ్చుకుంటాడు. దృశ్యం, కథల ఈ సంబంధం తెలుగు కౌబాయ్ చిత్రాల పరిశీలనకూ ఉపకరిస్తుంది.

1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ తెలుగులో ఈ ప్రక్రియకు నాంది. పద్మాలయా పతాకంపై కృష్ణ నటించిన ఈ చిత్రానికి కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు. రాజస్థాన్ ఎడారి, గుర్రాలు, తుపాకులు అప్పటి ప్రేక్షకునికి కొత్త. సెర్గియో లియోనె చిత్రాల ప్రభావమూ స్పష్టమే. అయితే రచయిత ఆరుద్ర ఆ దిగుమతి సామగ్రిని బ్రిటిష్ పాలనాకాలపు సంస్థానం, దాచిన నిధి అనే ఇతివృత్తంలో ఇమిడ్చారు. నిధి, సాహసయువకుడు, నమ్మరాని సహచరుడు అనే మూడూ ‘పాతాళభైరవి’ (1951) నాటికే జానపద చిత్రాల ద్వారా సుపరిచితాలు. వేషం పాశ్చాత్యమైనా వెన్నెముక జానపదమే. అందువల్ల కథలోని అతుకులను ప్రేక్షకుడు తన కథాపరిచయంతోనే పూరించుకోగలిగాడు.

2002 సంక్రాంతికి జయంత్ సి. పరాన్జీ దర్శకత్వంలో మహేశ్‌బాబు నటించిన ‘టక్కరి దొంగ’ వచ్చింది. జయనన్ విన్సెంట్ ఛాయాగ్రహణంలో విశాలమైన నేలలు, ధూళి, వెలుగునీడలు కంటికి విందు చేశాయి. కృష్ణ అతిథిపాత్ర పూర్వచిత్రాన్ని స్ఫురింపజేసింది. కాని వజ్రాల వేట, ప్రతీకారం అనే సూత్రాలు ఏ కాలానికీ, ఏ నేలకూ చెందక విడివిడిగా నిలిచాయి. సన్నివేశం రమ్యమే, దాని తరువాతి సన్నివేశం ఎందుకు రావాలో తెలియదు. జానపద చిత్రాల ఒరవడి అప్పటికి క్షీణించింది. ప్రేక్షకుడు వెంట తెచ్చుకునే కథ లేనప్పుడు, ఆ లోటును చిత్రమే తీర్చాలి. అది జరగలేదు.

దృశ్యం మితిమీరడం వల్ల కథ బలహీనపడిందనే అభిప్రాయం ఈ పోలిక ముందు నిలవదు. తొలి చిత్రంలోనూ దృశ్యానిదే పైచేయి. భేదం ఆధారంలో ఉంది. మదనిక ఒంటరిగా చూసినా అందమైనదే; స్తంభానికీ చూరుకూ నడుమ నిలిచినప్పుడే అది ఆలయంలో భాగమవుతుంది. తెలుగు కౌబాయ్ చిత్రానికి లోపించింది ఎడారి కాదు, ఆ ఎడారిని మోసే తెలుగు కథ.